పొట్టేలును ఎంచిన చెయ్యి

శాద్వలపురం ఉన్నిశాలలో ఏడు నెలలుగా ఒక మూగవాడు గొర్రెలు కడుగుతున్నాడు. నిజానికి అతడు మూగవాడేమీ కాడు. నోరు తెరిస్తే తల పోతుంది కనుక మూసుకున్నాడు, అంతే.

అతడి పేరు మైలారు. ఉత్తరాన ఈదురుకనుమ దాటితే వచ్చే తుషారగిరి రాజ్యం అతడిది. ఆ కొండ రాజ్యానికీ ఈ పచ్చిక రాజ్యానికీ మూడు తరాల పగ. కొండ యాస ఒక్క ముక్క చెవినబడితే చాలు, శాద్వలపురం కావలివాళ్లు ఏ ఊరని కూడా అడగరు, తిన్నగా కోటగుమ్మానికి వేలాడదీస్తారు. మరి అలాంటి చోట ఇతగాడికేం పని అంటారా? చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. కథ ఎక్కడికీ పారిపోదు.

తుషారగిరిలో ఏడాదికి ఆరు నెలలు మంచు. అక్కడ మనిషి బతికేది గొంగడిలో. పుట్టిన బిడ్డను గొంగడిలో చుడతారు, పోయిన మనిషినీ గొంగడిలోనే సాగనంపుతారు. అలాంటి రాజ్యంలో ఉన్ని ఏటేటా బిరుసెక్కిపోయింది. తాతల నాడు వెన్నముద్దలా ఉండేదట. ఇప్పటి ఉన్ని కంటే కొబ్బరిపీచు నయం. నేసిన గొంగట్లోంచి గాలి దూరుతుంది, చలి ఆగదు. పోయిన చలికాలంలో మైలారు అక్క ఈరవ్వకు లేకలేక పుట్టిన మగబిడ్డ, ఇరవై రోజుల పసిగుడ్డు, మూడు గొంగళ్లు కప్పినా తెల్లారేసరికి బిగుసుకుపోయాడు.

ఈరవ్వ ఏడవలేదు. "మెత్తటి గొంగడి ఒక్కటుంటే బతికెటోడు తమ్మీ" అని ఊరుకుంది. ఆ మాట మైలారు గుండెలో దిగబడి, ఇప్పటికీ రాలేదు.

ఆ రోజుల్లోనే రాజు వజ్రబాహు కొలువులో మాంత్రికుడు శుష్కదంతుడు కళ్లు మూసి, కనుబొమలు ఎగరేసి సెలవిచ్చాడు. "మన ఉన్నిలోని మెత్తదనాన్ని శాద్వలపురం వాళ్లు దొంగిలించారు మహారాజా! వాళ్ల ఉన్నిశాలలో ఒక బంగారు దువ్వెన ఉంది. దాంతో దువ్వితే ముళ్లకంప కూడా పట్టవుతుంది. దాన్ని తెచ్చే మొనగాడెవడు?"

కొలువులోని వీరాధివీరులంతా తమ కాలిగోళ్ల అందం చూసుకుంటూ ఉండిపోయారు. గుమ్మం దగ్గర నిలబడ్డ గొర్రెలకాపరి మైలారు ఒక్కడే ముందుకు వచ్చాడు. అదిగో, అలా వచ్చి ఇక్కడ చిక్కుకున్నాడు.

ఆ శాద్వలపుర శోభ ఏమని చెప్పను! కనుచూపు మేర మరకతకాంతులీనే పచ్చిక బయళ్లు, వాటి నడుమ వంపులు తిరుగుతూ సాగే ముత్యాలేరు, ఏటి ఒడ్డున నూటపదహారు స్తంభాల ఉన్నిశాల, స్తంభస్తంభానికీ వంకీ కొమ్ముల మేషశిరస్సులు, రంగు తొట్లలోంచి లేచే పసుపు నీలి ఆవిరులు, వరుసలు తీరి కూర్చున్న వడుకుకత్తెల గాజుల సవ్వడి, వాళ్ల పాట, పాట మధ్యలో పరాచికాలు! దేవతలు కూడా ఒక పూట దిగి చూసిపోదామనుకునేంత వైభవం. కానీ మైలారుకు అవన్నీ కనబడి ఏం లాభం? "అబ్బ, ఎంత బాగుందో" అని పక్కవాడితో అనడానికి లేదు.

పొద్దున గొర్రెలను ఏట్లో ముంచి కడగడం, మధ్యాహ్నం కత్తిరించిన ఉన్నిని ఎండబెట్టడం, సాయంత్రం దాంట్లోని పల్లేరుకాయలు ఏరడం. చుట్టూ మూడు వందల మంది. వాళ్లు నవ్వితే అతడూ నవ్వేవాడు, ఒక్క క్షణం ఆలస్యంగా. "ఒరేయ్ మూగోడా" అని పిలిస్తే లేచి వెళ్లేవాడు. రానురాను తన పేరు తానే మరిచిపోతానేమోనని భయం పట్టుకుంది. గొర్రెలు కడిగేటప్పుడు తల నీళ్లలో ముంచి "మైలారూ, ఓ మైలారూ" అని తనను తానే పిలుచుకునేవాడు. బుడగలు పైకి తేలేవి. చేపలకు యాసతో పనేముంది, విని ఊరుకునేవి.

పోనీ ఆ బంగారు దువ్వెన దొరికిందా అంటే అదీ లేదు. ఉన్నిశాల మూలమూలా వెతికాడు. ఉన్నవన్నీ ఇనుప పళ్ల దువ్వెనలు, వేపచెక్క పిడులు. బంగారం మాట అటుంచి, ఇత్తడి ముక్క కూడా లేదు. మరి ఈ మెత్తదనం ఎక్కడిదిరా భగవంతుడా అని అతడు తల పట్టుకున్నాడు.

ఆ శాలకు పెద్ద సుమేధమ్మ. అరవై ఏళ్ల మనిషి. చేతులకు ఎప్పుడూ ఉన్నిజిడ్డు, కళ్లకు ఒక్క క్షణం తీరిక లేదు. ప్రతి అమావాస్యకూ ఆమె ఒక పెద్ద చాప పరిపించేది. ఆ చాప మీద కాపరులు, వడుకుకత్తెలు, నేతగాళ్లు, రంగులవాళ్లు, తాటాకుల కట్టలు చంకన పెట్టుకున్న పండితులు, అందరూ కలిసి కూర్చునేవారు. పండితుడు తాటాకు చదువుతుంటే కాపరి "అది తప్పండీ, ఎండాకాలం కత్తిరిస్తే అలా ఉండదండీ" అనేవాడు. పండితుడు చిన్నబుచ్చుకోకుండా గంటం తీసి దిద్దుకునేవాడు. ఒకరికి తెలిసింది రెండోవాడికి చెప్పకుండా చాప మీంచి లేవకూడదని అక్కడ కట్టుబాటు. మైలారు చివరన ముడుచుకుని కూర్చునేవాడు. తనకూ తెలిసినవి ఎన్నో ఉన్నాయి. శాద్వలపురం మెత్తని గొర్రెలకు పుట్టిన పిల్లలు తొలకరి గాలి తగిలితే చాలు, పదుల కొద్దీ చచ్చిపోతున్నాయని సుమేధమ్మ కన్నీళ్లు పెట్టుకున్న రోజున, కొండల్లో పిల్లను ఎలా కాపాడుకుంటారో చెప్పాలని అతడి నాలుక దురద పెట్టింది. పళ్ల మధ్య పెట్టి కొరుక్కున్నాడు.

ఒకనాటి మధ్యాహ్నం అతడు ఎండలో కూర్చుని, కళ్లు మూసుకుని ఉన్నిని వేళ్లతో తడుముతూ మెత్తనిది ఒక కుప్ప, బిరుసుది ఒక కుప్ప వేస్తున్నాడు. కళ్లు మూయడం అతడికి అలవాటు. ఎవరో ఎదురుగా నిలబడి చూస్తున్నట్టనిపించి తెరిచేసరికి సుమేధమ్మ.

"ఇదేం చెయ్యిరా నాయనా! నలభై ఏళ్లు చూసినా నాకు ఇంత తేడా తెలీదు. రా, నీకొకటి చూపిస్తాను."

ఆమె అతడిని లోపలి గదికి తీసుకుపోయింది. గోడల నిండా చెక్కపలకలు. ఒక్కో పలక మీద పైన ఒక పొట్టేలు ఉన్నిపోగు, దాని కింద దాని కొడుకులవి, ఆ కింద మనవలవి, అంటించి ఉన్నాయి. తండ్రి మెత్తనైతే పిల్లలు మెత్తన. తండ్రి బిరుసైతే పిల్లలు బిరుసు. మూడు వందల మంది ముప్పై ఏళ్లపాటు చూసి, రాసి, అంటించిన పని అది. అదే బంగారు దువ్వెన! మైలారుకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"ఇటు చూడు" అంటూ సుమేధమ్మ మూలనున్న పలకను తీసి అతడి ఒళ్లో పెట్టింది. "ఇది తుషారగిరి ఉన్ని. దొంగదారిన వచ్చే బేరగాళ్ల దగ్గర ఏడాదికొక పోగు చొప్పున సంపాదించాను. పద్దెనిమిది ఏళ్లవి. తడిమి చూడు."

మైలారు తడిమాడు. మొదటి పోగు మెత్తన. రెండోది కొంచెం తక్కువ. అలా దిగుతూ దిగుతూ చివరిది వేలికి గుచ్చుకుంది.

"మేత మారలేదు, నీళ్లు మారలేదు. ఆ కొండ గొర్రెలకున్న గట్టిదనం నా గొర్రెలకుంటే నాకు ఇన్ని పిల్లలు చచ్చేవి కావు. అలాంటి జాతి చేతులారా పాడైపోతోంది. ఎందుకా అని పదేళ్లు బుర్ర బద్దలుకొట్టుకున్నాను. నాకు తోచిందొక్కటే. ఏటా అక్కడ ఎవరో అన్నిటికంటే మెత్తని పొట్టేలును, అది ఇంకా గొర్రెల మందలో కలవకముందే, ఏరి తీసేస్తున్నారు. దాని పిల్లలు పుట్టనే పుట్టడం లేదు. ఎవరో గానీ గొప్ప చెయ్యి నాయనా! పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా గురి తప్పలేదు."

మైలారు పలక మీంచి చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

ఎందుకో చెప్పాలి కదా. తుషారగిరిలో మంచుతల్లి జాతర ఉంది. ఏడాది నిండిన పొట్టేళ్లలో అన్నిటికంటే మేలైనది తల్లికి ఇవ్వాలి. దాన్ని ఎంచేవాడిని చేతిపెద్ద అంటారు. కళ్లకు గంత కట్టుకుని దొడ్లోకి దిగి, ఒక్కొక్క పొట్టేలు భుజం తడిమి, దేని ఉన్ని అన్నిటికంటే మెత్తగా తగిలితే దాని నుదుట పసుపు పెడతాడు. జాతర నాడు కత్తి లేచే ముందు మళ్లీ దాని మీద చెయ్యి వేసి "తల్లీ, ఇది నీది" అంటాడు. ఆ మాటను రాజు కూడా కాదనలేడు. ఉత్తమమైనది తల్లికి, మిగిలింది మనకు. ఎంత భక్తి! మైలారు తాత చేతిపెద్ద. తండ్రి చేతిపెద్ద. పదకొండేళ్లుగా మైలారు చేతిపెద్ద.

ఈసారి జాతరకు కూడా, బయల్దేరే ముందే, పసుపు పెట్టి వచ్చాడు. జున్ను అని పేరు ఆ పొట్టేలుకు. పాలు తాగే వయసులో తల్లి చచ్చిపోతే ఈరవ్వ తన గంజిలో సగం పోసి పెంచింది. దానంత మెత్తనిది తుషారగిరి మొత్తంలో మరొకటి లేదు. జాతర వచ్చే పున్నమికి, మిట్టమధ్యాహ్నం. ఇంకా నాలుగు రోజులు.

"నేనే తల్లీ" అన్నాడు మైలారు.

ఏడు నెలల తరవాత బయటికి వచ్చిన గొంతు అతడికే పరాయిదిగా వినబడింది. "ఆ చెయ్యి నాదే, ముందుగాల మా అయ్యది. మంచియన్నీ ఏరి ఏరి నేనే సంపిన. దేవికని ఇచ్చినం. మా అక్క కొడుకును గూడ నేనే సంపుకున్న. ఇంకొక్కటే మిగిలింది తల్లీ, పున్నం నాడు దాన్ని గూడ కోస్తరు."

గుమ్మం దగ్గర ఎవరి చేతిలోనో దువ్వెన జారి పడింది. "కొండవాడు! వేగులవాడు!" అని కేక లేచింది.

సుమేధమ్మ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని "ఏడు నెలలు నా చాప మీద కూర్చుని, ఇన్ని తెలిసీ నోరు మూసుకున్నావా! నిన్నేమనాలిరా?" అంది. అంతలోనే గొంతు తగ్గించి, "ఆ ఒక్కదాన్నీ బతికించు. అది పోతే పోయినట్టే, మళ్లీ ఏ చదువూ దాన్ని తేలేదు. వెనక గుమ్మం ఏటికి పోతుంది. ఇంకా నిలబడతావేం, పో!" అంది.

మైలారు పోయాడు. పోవడమంటే అదీ! రంగు తొట్ల మీంచి దూకి, వడుకుకత్తెల దారాలకు చిక్కుకుని, ఒక కాలు నీలంగా మరో కాలు ఎర్రగా ఏటిగట్టు మీదికి వచ్చిపడ్డాడు. వెనక ఇరవైమంది కావలివాళ్లు. ముందు నిండుగా పారే ముత్యాలేరు, గొర్రెల రేవుకు దిగువనున్న ఈ ఇసుకతిప్పల మీద నోళ్లు తెరుచుకుని ఎండ కాచుకుంటున్న మొసళ్లు. గట్టున రెండు వరుసల్లో ఉన్నిమూటలు ఉన్నాయి. ఒకటి కడిగిన ఉన్ని, తెల్లగా మిసమిసలాడుతోంది. రెండోది కడగనిది, జిడ్డోడుతూ కంపు కొడుతోంది. మైలారు కంపు కొట్టే మూటను కౌగిలించుకుని నీళ్లలోకి ఉరికాడు. జిడ్డు ఉన్నికి నీళ్లు పట్టవు. మూట బెండులా తేలింది.

కావలివాళ్లు మాత్రం శుభ్రంగా ఉన్నవి చూసి, తెల్లమూటలు పట్టుకుని దూకారు. అవి గుక్కెడు గుక్కెడు నీళ్లు తాగి బరువెక్కి, మునగడం మొదలుపెట్టాయి. మూటలు వదిలేసి, మొసళ్లను తిట్టుకుంటూ, ఈదుకుంటూ గట్టెక్కేసరికి మైలారు అవతలి మలుపు తిరిగిపోయాడు. ఒక మొసలి అతడి మూటను కొరికింది గానీ, ఆ జిడ్డు పళ్లకంటుకుని, మొహం వికారంగా పెట్టి వెళ్లిపోయింది.

అక్కడి నుంచి మూడు రోజులు కొండెక్కడం. ఆ దారి సౌందర్యం చూసినవాడు మాటలు మరిచిపోవలసిందే. ఆకాశాన్ని భుజాన మోసే హిమశిఖరాలు, వాటి ఒడిలో గడ్డకట్టి నిలిచిపోయిన జలపాతాలు, ఉదయకాంతికి పగడాల్లా మెరిసి మధ్యాహ్నానికి వజ్రాలయ్యే మంచురాళ్లు! మైలారు తల ఎత్తలేదు. నడుస్తున్నంతసేపూ తన కుడిచేతిని చూసుకుంటూ నడిచాడు. ఆ చెయ్యి ఎంత గొప్పదని ఊరంతా పొగిడేది! పసిపిల్లల తల మీద పెట్టించుకునేవారు. ఇప్పుడది తనది కాదన్నట్టు పక్కన వేలాడుతోంది. చెప్పుకోవడానికి ఎవరూ లేరు. ఉన్నా ఏమని చెబుతాడు?

నాలుగో రోజు పొద్దున, ఈదురుకనుమ మెడ దగ్గర, పొగమంచు కమ్ముకుంది. ఒక రాతి మరుగున నెగడు, నెగడు పక్కన ఒక ముసలవ్వ.

"వణుకుతున్నవు గద బిడ్డా" అంది ఆమె. "ఇగో, గీ గొంగడి కప్పుకో. కాసేపు కూసో. ఎన్నాళ్లైంది నీతోని ఎవరన్న ఇట్ల మాట్లాడి?"

సొంత యాస! ఏడు నెలల తరవాత! మైలారు కళ్లలో నీళ్లు తిరిగాయి. గొంగడి అందుకుని భుజాన వేసుకున్నాడు. ఆహా, ఏం మెత్తదనం! ఇలాంటిది తుషారగిరిలో ఎక్కడిది? అలవాటు చొప్పున కళ్లు మూసుకుని వేళ్లతో తడిమాడు.

అంతే, వేళ్లు ఆగిపోయాయి. ఈ పోగు బూడిదచెవుల పొట్టేలుది. నాలుగేళ్ల కిందట తానే ఎంచాడు. ఇది కుంటికాలుది. ఇది సంతలో తప్పిపోయి తిరిగొచ్చినది. ఆ పక్కది తండ్రి చనిపోయిన ఏడు తాను మొదటిసారి ఎంచినది. ఆ వెనకవి తండ్రి ఎంచినవి, అంతకు ముందువి తాత ఎంచినవి అయ్యుంటాయి. తెలియని చేతికి అది మెత్తని గొంగడి. మైలారు చేతికి మాత్రం అవన్నీ ఒక్కొక్కటిగా వచ్చి నిలబడ్డాయి. అతడు గొల్లుమన్నాడు.

"గుర్తుపట్టావా!" అంది ముసలవ్వ. గొంతు మారింది. ముడతలు ఊడిపోయి, ఎండిన పళ్లు బయటపడి, శుష్కదంతుడు లేచి నిలబడ్డాడు. "తొంభైతొమ్మిది! మీ తాత నాటినుంచి తల్లికి రక్తం, నాకు ఉన్ని. నూరోది పడితే చాలు, ఇది కప్పుకున్నవాణ్ణి మృత్యువు కూడా ఆనవాలు పట్టదు. నిన్ను దువ్వెన వంకతో పంపింది తిరిగి వస్తావని కాదురా వెర్రివాడా, అక్కడే ఉరి తీస్తారని! నూరోదాని మీద నా చెయ్యే పడాలి, నువ్వు లేకపోతే ఈ పూట నీ బదులు చెయ్యి వేసేది నేనే. హ్రీం! బిగుసుకో!"

గొంగడి పాములా మెలితిరిగి మైలారును చుట్టేసింది. ఛాతీ నొక్కుకుపోతోంది. ఊపిరి ఆడదు. కానీ ఎంత మాయ గొంగడైనా గొంగడే కదా! నూరో ఉన్ని ఇంకా పడలేదు కనుక దాని చివర అంచు కట్టలేదు. అంచు కట్టని నేత సంగతి కాపరి ఇంట పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. మైలారు పళ్లతో చివరి పోగు పట్టి లాగాడు. వరుస వరుసే ఊడింది. మళ్లీ లాగాడు. తన చేత్తో చంపిన వాటిని మళ్లీ చంపుతున్నట్టే ఉంది, అయినా లాగాడు. కనుమ గాలి పోగులను అందుకుని నాలుగు దిక్కులకూ విసిరింది.

"అయ్యో నా గొంగడి! అయ్యో నా ఎనభైమూడోది!" అంటూ ముల్లోకాలను గడగడలాడించే ఆ మహామాంత్రికుడు, పంచె ఎగ్గట్టి, మంచులో దారపుపోగుల వెంట గంతులేయసాగాడు. మైలారు మిగతాది విదిలించుకుని ఊరివైపు పరుగు తీశాడు.

జాతర బయలు కిటకిటలాడుతోంది. డోళ్లు మోగుతున్నాయి. నుదుట పసుపుతో, మెడలో పూలదండతో జున్ను కొయ్యకు కట్టి ఉంది. దండలోని పూలను అందినంత మేర నముల్తోంది. ఆ పక్కనే పట్టుకుచ్చుల పందిట్లో రాజుగారి పోట్ల పొట్టేలు రణభేరి. కొమ్ములకు బంగారు తొడుగులు, మనిషి నడుమంత ఎత్తు, ఒంటిమీద ఉన్ని కాదు, ఇనుప తీగలు! పది రాజ్యాల పొట్టేళ్లను కుమ్మి గెలిచింది. ఆ పౌరుషం తమ మందకు రావాలని ఊళ్లోవాళ్లంతా తమ గొర్రెలను దాని దగ్గరకే తోలుకొస్తారు. మైలారు చూశాడు. తాను మెత్తని తండ్రులను చంపుతూ వచ్చాడు, ఊరు బిరుసు తండ్రిని కూర్చోబెట్టి మేపుతూ వచ్చింది.

"ఆగుండ్రి! చేతిపెద్దను నేనొచ్చిన!"

డోళ్లు ఆగాయి. రాజు వజ్రబాహు మీసం మీద చెయ్యి వేశాడు. "దువ్వెన ఏదిరా?"

"దువ్వెన లేదు దొరా. దొంగతనమూ లేదు. మన మెత్తదనాన్ని మనమే కోసుకున్నం." మైలారు జనం వైపు తిరిగాడు. సుమేధమ్మ పలకల గురించి, పైన తండ్రి, కింద పిల్లల గురించి, ఏటేటా బిరుసెక్కిన పద్దెనిమిది పోగుల గురించి చెప్పాడు. మాంత్రికుడి గొంగడి గురించి చెప్పాడు. "మంచిదాన్ని తల్లికిచ్చుడు తప్పని అంటలేను. దాని పిల్లల్ని మందల చూసుకోకముందే ఇచ్చినం, అదే మన తప్పు. ఈ చేత్తోనే పదకొండు సంపిన. ఏ ఇంట్ల చలికి పసిగుడ్డు పోయినా ఆ పాపంల నాకు పాలుంది."

కొందరు తమ గొంగడి అంచును వేళ్ల మధ్య నలుపుకుంటున్నారు.

"చాలించు" అన్నాడు రాజు. "పొద్దు నడినెత్తికొచ్చింది. తల్లి ఎదురుచూస్తోంది. చెయ్యి వెయ్యి."

మైలారు కళ్లకు గంత కట్టుకున్నాడు. నాలుగు అడుగులు వేశాడు. జున్ను అతడి వాసన పసిగట్టి మే అంది. దాన్ని దాటి ఇంకో ఆరడుగులు వేశాడు. ఇనుప తీగల్లాంటి ఉన్ని మీద అరచెయ్యి ఆనించి, ఊరంతా వినేలా అన్నాడు.

"తల్లీ, ఇది నీది."

బయలంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చింది. రాజు సింహాసనం మీంచి లేవడం లేవడమే కత్తి దూశాడు. కానీ చేతిపెద్ద మాట పడింది. దాన్ని కాదంటే రాజైనా తల్లికి ద్రోహే. ముసలి పూజారులు రణభేరి ముక్కుతాడు అందుకున్నారు. రాజు కళ్లముందే అతడి పది రాజ్యాల విజయం తల వంచింది.

"వెలి!" అని గర్జించాడు వజ్రబాహు. "ఈ క్షణం నుంచి వీడికి నిప్పు లేదు, నీళ్లు లేవు, మాట లేదు. వీడితో పలికినవాడి నాలుక తెగుతుంది, వీడి మొహం చూసినవాడి కళ్లు పోతాయి. ఆ దూదిముద్దను కూడా వీడి మొహాన కొట్టండి. పొద్దు వాలేలోగా కనుమ దాటకపోతే ఇద్దరికీ ఒకటే కత్తి!"

వెంటనే జనమంతా గోడల వైపు, కంచెల వైపు తిరిగిపోయారు. మైలారు జున్ను తాడు విప్పి నడిచాడు. ఆ వీధిలోనే పుట్టాడు, ఆ వీధిలోనే ఆడాడు. ఇప్పుడు రెండు పక్కలా వీపులే. తాను భుజాల మీద తిప్పిన పిల్లల చిన్న చిన్న వీపులు, మేనమామ వంగిన వీపు. పరాయి రాజ్యంలో నోరు మూసుకోవడం ఒక బాధ. సొంత ఊళ్లో నోరుండీ వినేవాడు లేకపోవడం ఇంకో బాధ. ఏది ఎక్కువో ఇప్పుడే తేలింది అతడికి. ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోలేదు. చూసేవాడు ఎటూ లేడు కదా.

ఈరవ్వ కంచె వచ్చింది. ఆమె గోడకు నుదురు ఆనించి నిలబడి ఉంది. భుజాలు కదలడం లేదు. మైలారు ఆగాడు. అక్కా అందామని నోరు తెరిచి, ఆమె నాలుక గుర్తొచ్చి మూసుకున్నాడు. అలాగే నడిచి వెళ్లిపోయాడు.

వెనక కంచెతడక కిర్రుమన్న చప్పుడైంది.

తిరిగి చూస్తే దారి మధ్యలో ఒక ఆడగొర్రె. ఈరవ్వకున్న ఒకే ఒక్క గొర్రె. తడక తెరిచి ఉంది. ఈరవ్వ మాత్రం గోడ వైపు తిరిగే ఉంది, వెనక్కి చాచిన చెయ్యి ఒక్కటి తడక మీద.

ఆ పక్కింటి తడక కిర్రుమంది. ఎదురింటిది. ఆ వెనకది. ఎవరూ తల తిప్పలేదు, ఎవరూ పెదవి కదపలేదు. చేతులు మాత్రం వెనక్కి వచ్చి గడియలు తీశాయి. ఒక్కో దొడ్లోంచి ఒక్కో గొర్రె వీధిలోకి వచ్చింది. బిరుసువి కావు. ఆ ఇంట్లో ఉన్నవాటిలో మేలైన ఆడవి, జున్నుకు జోడు కాగలవి.

అంతలో కనుమ మీద వెండి ఈల మోగింది. సగం ఒళ్లు మాత్రమే కనబడుతున్న శుష్కదంతుడు, మిగతా సగాన్ని మరుగు చేస్తున్న చిరిగిన గొంగడి ముక్క భుజాన వేసుకుని, రాతి కొమ్ము మీద నిలబడి ఉన్నాడు. అతడి కాళ్ల దగ్గర మంచులోంచి బూడిదరంగు తోడేళ్లు ఒకటొకటిగా లేచి, ఒళ్లు విదుల్చుకుని, దారికి అడ్డంగా బారులు తీరుతున్నాయి. పొద్దు వాలడానికి ఇంకెంతో లేదు. ఆవల శాద్వలపురంలో తన కోసం ఉరితాడు సిద్ధంగా ఉండే ఉంటుంది.

మైలారు కర్ర అందుకున్నాడు. జున్నును మధ్యలో పెట్టి, గొర్రెలను చుట్టూ కూర్చి, "హోయ్" అని అదిలించి కనుమ వైపు తోలాడు. ఊరి చివర ఒక్కసారి వెనక్కి చూశాడు. తడకలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. మనుషులంతా ఇంకా గోడల వైపు తిరిగే నిలబడి ఉన్నారు.